ఉద్యానవనపు నీడ యెవరిది?

నగరవాసికి ధర్మచింత యెక్కడ నారంభము కావలయునని యడిగినచో, వాని గడపయొద్దనే యని మేము చెప్పుదుము. గడప కీవల నున్నది మన యిల్లు. ఆవల నున్నది యందఱి వీధి. గడపకు పసుపు రాచి బొట్టు పెట్టువారము మనము. కాని దాని యావలి నేలకు మనమెంతవఱకు బాధ్యులమో విచారించుట యరుదు. ఈ విచారమునకు మేము నివసించు పేటనే దృష్టాంతముగా గైకొందుము.

చెన్నపట్టణమున త్యాగరాయనగరము 1920వ దశకమున వెలసినది. మాంబళమువద్ద నుండిన పొడవైన చెఱువును పూడ్చి, ఆ నేలపై వీధులు తీర్చిరి. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారు. నడుమ నున్న పార్కు 1921 మొదలు 1926 వఱకు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజాగారి పేర వెలసినది, వారును తెలుగువారే. చక్రపు నాభినుండి యాకులు వెడలినట్లు ఆ పార్కునొద్దనుండి పెద్ద వీధులు నలుదెసలకు బోవుచున్నవి. ఇచ్చట గుడికి, బడికి, అంగడికి, మాంబళము రైలుస్టేషనుకు కాలినడకనే పోవచ్చును. సాయంకాలమున ముసలివారు పార్కులోని బల్లలపై గూర్చుండి లోకమును దిద్దుచుందురు. పిల్లలు దానిని తలక్రిందులు చేయుచుందురు.

ఈ పేటలో పాత యిండ్లు కొన్ని మిగిలియున్నవి. టేకు దూలములపై ఇటుకలను నిలువున బేర్చి సున్నముతో గట్టిన మిద్దె, ముంగిట వేపచెట్టు, వాకిట నరుగు, పెరట బావి. మా యిల్లును నట్టిదే. దానిని గూల్చి యంతస్తుల భవనము గట్టెదమని యొక వ్యాపారి మాకు పెద్ద ధనమును జూపెను. మేము నిరాకరించితిమి. మిత్రులు మెచ్చుకొనిరి, వేపచెట్టును, పూర్వుల స్మృతిని గాపాడితిమని మేమును లోలోన గర్వించితిమి.

ఆ గర్వము పదిదినములైనను నిలువలేదు. మా యింట పనిచేయు నామె యొకనాడు మిక్కిలి జాగుచేసి వచ్చెను. కారణమడిగితిమి. పూర్వమామె యడయారు నది యొడ్డున గుడిసెలో నుండి నడిచి వచ్చుచుండెను. 2015 డిసెంబరు వఱదల పిదప ఆ యొడ్డునుండి యనేక కుటుంబములను నగరపు దక్షిణపు కొసనున్న పెరుంబాక్కమునకు దరలించిరి, అందామెయు నొకతె. ఇప్పుడు రెండు బస్సులెక్కి రావలెను. మేము చెట్టును గాపాడిన కథను సంతోషముతో జెప్పగా విని, ఆమె యిట్లనెను: “మంచిదేనయ్యా. చెట్టు మీది, నీడ మీది. నడిచొచ్చే దారే మాకు లేకుండా పోయింది.”

ఈ మాటలో నిష్ఠురము లేదు. అందువలననే యది మమ్ము మఱింత బాధించినది. పాత యిల్లు నిలుపుట ధర్మమా, లేక క్రొత్తవారెవరును మన నీడలోనికి రాకుండ జేయు స్వార్థమా? అట్లయిన గూల్చుటయే ధర్మమందుమా? అదియు సత్యము కాదు. పాత యిల్లు కూలినచోట లేచిన భవనమున బది కుటుంబములు నివసించునని వ్యాపారి చెప్పును, నిజమే. కాని యా పదింటిలో నొకటియైన నామె కొనగలదా? కొనగలవాడు మోటారు కారుతో వచ్చును. ఆ కారు కాలిబాట నాక్రమించును. పాత యింటి గోడయు నామెను లోనికి రానీయదు, క్రొత్త భవనపు వెలయు రానీయదు.

పాట్రిక్ గెడ్డీసను స్కాట్లండు దేశపు పండితుడు 1915వ సంవత్సర ప్రాంతమున మన దక్షిణదేశపు పురములను జూచి, పాత వీధులను సమూలముగా బెల్లగింపక, అవసరమైనంత మాత్రమే తొలగించి తక్కినదానిని బాగుచేయవలయునని బోధించెను. ఆయన కాపాడగోరినది గోడలను మాత్రమే కాదు, ఆ వీధులలో బ్రతుకు జనులను గూడ. మనము ఆయన బోధలో సగమును మాత్రమే గ్రహించి, గోడలను కాపాడి జనులను మఱచితిమి.

మఱియొక సత్యమును జెప్పవలెను. ఈ పేటయే యొక చెఱువు నేలపై వెలసినది. 2021 నవంబరు వానలకు ఇచ్చటి వీధులు మునిగినప్పుడు, నీరు తన పాత యింటికి తిరిగివచ్చినట్లు మాకు దోచెను. పూర్వత్వమే హక్కైనచో, ఇచ్చట మనకన్న ముందు హక్కు నీటిది. కావున “మేము ముందునుండి యున్నారము” అను వాదము మన నోట శోభింపదు.

అయిన గర్తవ్యమేమి? 2019లో త్యాగరాయ రోడ్డున నడచువారికై కాలిబాటలను విశాలముగా నొనర్చిరి. ఆ మేలు మా చిన్నవీధులకును రావలెనని కోరుట యొకటి. పార్కు వాకిలి యందఱికిని తెఱచియుండవలెనని పట్టుబట్టుట రెండవది. ఈ రెండును నోటితో జేయదగిన పనులు. మూడవది చేతితో జేయవలసినది: మన యింట దక్కువ సంపన్నునికి దావీయుట.

మా పెరట రెండు గదులు పాత సామానులతో నిండియుండెను. వానిని బాగుచేయించి, ఆమె యీయగల యద్దెకే యిచ్చెదమంటిమి. ఆమె యొకదిన మాలోచించి, “పిల్లల బడి యిప్పుడక్కడే అయ్యా; మళ్ళీ మార్చలేను” అనెను. గదులు ఖాళీగానున్న సంవత్సరములలో మేమామెను దినమును జూచుచునే యుంటిమి. అప్పుడు తోచని ధర్మము ఇప్పుడు తోచుటచే మాకేమియు ఘనత లేదు. ఆ గదులలో నిప్పుడు మా వీధిలో బట్టలిస్త్రీ చేయు నొకరి కుటుంబము కాపురమున్నది. వారి పిల్లలు పార్కు ప్రక్కగా నడిచి బడికి బోవుచున్నారు. ఆ బాకీ మాత్రము తీరలేదు.

చదువరులారా, మీ పాత యింటిని గూల్చవలదని గాని గూల్చుమని గాని మేము చెప్పము. నిలిపినను, గట్టినను, మీ వాకిట నిలిచి యొక్క ప్రశ్న వేసికొనుడు: మనకన్న బీదవాడు, ముసలివాడు, పసివాడు ఈ వీధిని నిర్భయముగా నడచి, యీ నీడలో నొకింతసేపు కూర్చుండగలడా? కూర్చుండలేనిచో, మనము గాపాడినది నీడను గాదు, గోడను మాత్రమే.