మోసపోయినవారిది నేరమా?



మన ఇంట్లో పెద్దవారొకరు ఫోనులో మోసపోయి డబ్బు పోగొట్టుకున్నారనుకోండి. "ఆ మాత్రం తెలియదా?" అన్నదే మన నోట వచ్చే మొదటి మాట. ఆ మాటకు జడిసే చాలామంది జరిగినది దాచుకుంటారు. దొంగకు కావలసినది కూడా ఆ మౌనమే.

పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి, "నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పకు" అని బెదిరించేవారు నేడున్నారు. మన దేశ చట్టంలో అటువంటి అరెస్టే లేదు. "డబ్బు పంపుతున్నాం, పిన్ నొక్కండి" అనేవారూ ఉన్నారు. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకొనడానికి పిన్ అక్కరలేదు, పంపడానికే కావాలి. ఇవి తెలిసి ఉండడం మన బాధ్యత. కాని తెలియక నమ్మినవారిని దోషులుగా నిలబెట్టడం న్యాయమేనా? దోషం ఆ నమ్మకాన్ని దోచుకొన్నవానిది.

వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, ఆ సొమ్మును బ్యాంకులో నిలిపివేసే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. మన కోపానికి భయపడి వారు దాచిన ఆ గంటలకు జవాబుదారులం మనం కామా?

కనుక ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక మీ పెద్దలతో ఒక్క మాట చెప్పండి: "ఏం జరిగినా ముందు మాకు చెప్పండి, మేము కోప్పడం." ఆ మాట నిలుపుకోండి.