వాక్కునకు కంచె

మానవునకు లభించిన శక్తులలో వాక్కు మిక్కిలి సూక్ష్మమైనది. శరీరమునకు తగిలిన గాయము కొంతకాలమునకు మానును. పదుగురి యెదుట పడిన నింద ఏండ్లు గడచినను మానదు. నేడు ఒకడు పలికిన మాట క్షణములో వేలమందిని చేరుచున్నది. పలుకువానికి వినువాని ముఖము కానరాదు. ఆ ముఖమున కలిగిన వేదనయు కానరాదు. కావున చర్చ జరుగు ప్రతిచోటను ఒక ప్రశ్న తలయెత్తుచున్నది. దూషించువాని నోటిని ఆపవచ్చునా? ఆపినచో సత్యవిచారమునకు హాని కలుగదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యమును తెలియగోరి ప్రమాణములతో చేయునది వాదము. గెలుపే ప్రయోజనముగా చేయునది జల్పము. తాను స్థాపింపదలచిన పక్షమేదియు లేక, ఎదుటిపక్షమును ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. గురువుతోను, శిష్యునితోను, సహాధ్యాయితోను, శ్రేయస్సును కోరుచు అసూయ లేని ఇతరులతోను వాదము చేయవలెనని ఆ శాస్త్రము విధించుచున్నది. అసూయ లేకుండవలెననుట కేవలము మర్యాదకొరకు చెప్పిన మాట కాదు. అసూయ ప్రవేశించిన క్షణమున దృష్టి విషయమును విడిచి వ్యక్తిపై పడును. 'ఇతడు చెప్పినది సత్యమా?' అను ప్రశ్న పోయి, 'చెప్పుటకు ఇతడెవడు?' అను ప్రశ్న వచ్చును. వ్యక్తిదూషణ ఎదుటివానిని నొప్పించుటకు ముందే సత్యమును విడిచిపెట్టినదన్నమాట.

చరకసంహితలోని విమానస్థానము వైద్యుల చర్చలను గూర్చి చెప్పుచు, సఖ్యముతో చేయు సంభాషణమును కలహబుద్ధితో చేయు సంభాషణమునుండి వేరుపరచినది. కలహబుద్ధితో చేయు చర్చ కొందరిలో తీవ్రద్వేషమును పుట్టించుననియు, క్రుద్ధుడైనవానికి చేయరాని పనియు, పలుకరాని మాటయు ఉండవనియు హెచ్చరించినది. రోగి ప్రాణము నిలుపుటకు పనికివచ్చు విద్య ఇరువురి పంతములకు బలియగుట ఎంత శోచనీయము!

సరే, మరి దూషణను నివారించుటెట్లు? న్యాయశాస్త్రము వాదములో ఓటమికి కారణములగు నిగ్రహస్థానములను 22 గా లెక్కించినది. ప్రస్తుతమును విడిచి సంబంధము లేని విషయమునకు పోవుట వానిలో నొకటి. సభకు అర్థమై, ముమ్మారు చెప్పబడిన ఎదుటివాని మాటను తిరిగి చెప్పలేకపోవుట మరియొకటి. తన పక్షముననున్న దోషమును తొలగింపక 'నీ పక్షమునను అదే దోషమున్నది' అనుట ఇంకొకటి. 'నీవు దొంగవు' అనిన 'నీవును దొంగవే' అని బదులు పలికినవాడు తన దొంగతనమును కాదనలేదు గదా!

సభను నడుపువారు ముఖ్యముగా గమనింపవలసినవి ఇంకను రెండు కలవు. నిగ్రహింపదగినవానిని ఉపేక్షించుట ఒక దోషము. నిగ్రహింపదగనివానిని నిగ్రహించుట మరియొక దోషము. ఈ రెండును సమానముగా ఓటమియే. సభాపాలకుని కర్తవ్యమంతయు ఈ రెండింటి నడుమ నున్నది.

మొదటిది పిరికితనమువలన కలుగును. తేనె పూసిన కత్తివంటి మాటలు కొన్ని కలవు. వానిలో తిట్టు లేదు. కాని ఎదుటివాని పుట్టుకను, మానవత్వమును కించపరచు భావము నిండియున్నది. పైపైన చూచువాడు దానిని మర్యాదయని విడిచిపెట్టును. రెండవది అహంకారమువలన కలుగును. తరతరములుగా అవమానము పొందినవాడు తన వేదనను చెప్పునప్పుడు అతని కంఠము కఠినముగా నుండవచ్చును. ఆ కాఠిన్యమును సాకుగా గొని అతని ప్రశ్ననే నోరునొక్కుట శాంతి కాదు, అధర్మము. పరుషత్వమును సరిదిద్దవచ్చును, అందలి సత్యమునకు మాత్రము సమాధానము చెప్పియే తీరవలెను.

క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి తన పండ్రెండవ శిలాశాసనమున ఈ విషయమునే చెప్పినాడు. ఆతని శాసనములు మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని బండలపైనను కలవు. అన్ని మతములయందును సారము వృద్ధిపొందవలెననియు, దానికి మూలము వాక్సంయమమనియు ఆతని భావము. సందర్భము లేక స్వమతమును పొగడరాదు, పరమతమును నిందింపరాదు. సందర్భము కలిగినను మితముగనే పలుకవలెను. స్వమతాభిమానముచే పరమతమును నిందించువాడు తన మతమునకే హాని చేయుచున్నాడట! ఆ చక్రవర్తి విమర్శను బొత్తిగా నిషేధింపలేదు, మితమును కోరినాడు. ధర్మమహామాత్రులు మొదలగు అధికారులను ఈ పనికి నియోగించినాడు.

మొలకలను కాపాడుటకు ముండ్లకంచె ఎట్లో, తత్త్వనిశ్చయమును కాపాడుటకు జల్పవితండలు అట్లని న్యాయసూత్రము చెప్పుచున్నది. ఎంత చక్కని ఉపమానము! సభానియమములును అట్టి కంచెయే. పసరములు చొరబడిన చేనిలో పంట మిగులదు. దూషణ ప్రబలిన సభలో వివేకవంతులు మౌనము వహింతురు, సిగ్గు విడిచినవారే మిగులుదురు. కావున కంచె ఉండవలసినదే. కాని కంచెయే చేను మేసినచో రైతునకు దిక్కేది? తనకు రుచింపని ప్రశ్నను దూషణయని పేరుపెట్టి త్రోసివేయు పాలకుడు అట్టి కంచె.

కావున సభాపాలకుడు పలుకును దండింపవలెను గాని పలికినవానిని ద్వేషింపరాదు. ఏ మాట ఎందుకు తగదో తెలిపి, దానిని విడిచి తన విషయమును మరల చెప్పుకొను అవకాశము నీయవలెను. స్వపక్షమువాని నోటను పరపక్షమువాని నోటను వచ్చిన ఒకే మాటకు ఒకే తూకమును వాడవలెను. అన్నిటికంటె ముందు తన కోపమును పరీక్షించుకొనవలెను. కోపముతో కోపము నణచువాడు మంటపై నేయి పోయుచున్నాడు.

ఈ కర్తవ్యము సభాపాలకునిది మాత్రమే కాదు. ఇతరులను కలవరపెట్టనిదియు, సత్యమును, ప్రియమును, హితమును అయిన వాక్కును గీత తపస్సుగా చెప్పినది. తపస్సును మరియొకడు మనకై చేయజాలడు. ఎదుటివానియందును మనయందును ఒకే ఆత్మ వెలుగుచున్నదని నమ్మువారము, ఆ నమ్మకమునకు పరీక్ష ధ్యానమందిరమున కంటె వాగ్వివాదముననే ఎక్కువగా జరుగునని గుర్తింపవలెను. నాలుకకు కంచె వేసికొన్నవాని సభకు వేరొక కంచె యెక్కువగా అవసరముండదు.