మారు వడ్డన

తిరువూరు వైపు వెళ్ళినప్పుడల్లా వినగడపలో ఆగి ఒక చిన్న హోటల్లో మధ్యాహ్నం భోజనం చేయడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. హోటలంటే బోర్డు కూడా లేదు. ఇంటిముందు రేకుల పంచ, రెండు బల్లలు, నీళ్ళ డ్రమ్ము. వండేదీ వడ్డించేదీ ఒకామే. పప్పు, వేపుడు, గోంగూర పచ్చడి, చారు, మజ్జిగ. అన్నానికి లెక్కలేదు. మొన్నమొన్నటి దాకా డెబ్బై రూపాయలు.

అక్కడ తిన్నంత ఇష్టంగా నేనింకెక్కడా తినను. ఆ ఇష్టం రుచి వల్ల మాత్రమే కాదని ఆలస్యంగా అర్థమైంది. మా ఇంట్లో ఆడవాళ్ళది ఆఖరి బంతి. గిన్నెల అడుగున ఏది మిగిలితే అది. ఆడపిల్ల మారు అడిగితే "దీని పొట్ట పాడుగానూ" అని నవ్వేవాళ్ళు. అలాంటి నా ముందు ఈమె గరిటె పట్టుకుని నిలబడి, "ఇంకాస్త ఏసుకోండి మేడమ్, ఏం తిన్నారని?" అంటే ఏళ్ళనాటి బాకీ ఏదో తీరినట్టుండేది. ఒక ఆడమనిషి ఒంటరిగా హోటల్లో కూర్చుని, ఎవరికీ వడ్డించకుండా, కడుపునిండా తినడం చిన్న స్వేచ్ఛేమీ కాదు.

ఒకరోజు ఆలస్యమై మూడున్నరకి చేరాను. ఆమె పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, గిన్నెకి అంటుకున్న అన్నం గీరి చారుతో తింటోంది. నన్ను చూసి లేవబోయింది. "కూర్చో అక్కా, తిను" అన్నాను గానీ ఆకలి మీదున్నాను. మిగిలిన కాస్త పప్పూ అన్నమూ తెచ్చి నాకు పెడితే వద్దనలేదు. ఆఖరి బంతి ఎక్కడికీ పోలేదు. నా దగ్గర్నుంచి ఆమె దగ్గరికి జరిగింది, అంతే.

అప్పుడు ధర గురించి ఆలోచించాను. అన్నం చవకగా దొరుకుతోందంటే మిగతా ఖర్చు ఎవరో భరిస్తున్నారు. 2018లో మొదలై, 2019లో ఆగి, 2024లో మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో భోజనం 5 రూపాయలు. ఆ తేడా ప్రభుత్వమూ దాతలూ భరిస్తారు. ఇక్కడో? ఖర్చులేమిటని అడిగితే బియ్యం, నూనె, గ్యాసు, కూరగాయలు వేళ్ళమీద లెక్కపెట్టింది. "మరి నీ కూలి?" అన్నాను. "నా కూలేంటండీ, ఇంట్లో చేసుకునే పనేగా" అంది. 2024 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే పురుషులు పెడుతున్నది 88. ఆ పని బజారుకొచ్చాక కూడా దానికి ధర కట్టుకోవడం ఆమెకి అలవాటు కాలేదు. కట్టుకోనివ్వడం మనకీ అలవాటు కాలేదు.

ఊరికే పెట్టిన చేతిని మనం పూజిస్తాం. లంకల గన్నవరంలో ఆకలన్న వాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు ఇవాళ ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఉంది. ఆ గౌరవం న్యాయమే. కానీ అన్నం అమ్ముకుని బతికిన వితంతువు గురజాడ 'కన్యాశుల్కం'లో వట్టి పూటకూళ్ళమ్మ. వృత్తే ఆమె పేరు. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలు గిరీశం తగలేస్తే, తరతరాలుగా మనం గిరీశంతో కలిసి నవ్వుతున్నాం. ఆ డబ్బు ఎన్ని పూటల వంటో లెక్కవేయలేదు. ఈ హోటలామె పేరు నాకూ తెలియదని అప్పుడే గుర్తొచ్చింది. తర్వాతిసారి అడిగాను. చెప్పి, "ఎందుకండీ, ఆధార్‌కా?" అని నవ్వింది.

ఈమధ్య ధర ఎనభై చేసింది. నోరారా "అన్నపూర్ణ" అని పిలిచేవాళ్ళే "నువ్వూ డబ్బుమనిషివయ్యావా?" అన్నారు. నా మనసులోనూ ఏదో గుచ్చుకుంది. దానికి సిగ్గుపడి రెండొందల నోటిచ్చి చిల్లర వద్దన్నాను. ఆమె చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. "ఎక్కువిస్తే దానం అవుద్ది మేడమ్. ధర పెంచినప్పుడు మొహం మాడ్చుకోకుండా తింటే చాలు."

మరి చవకైన అన్నాన్ని సంతోషంగా తినడం తప్పా? తప్పు కాదనే అనుకుంటున్నాను. అపరాధభావంతో తింటే ఆమె వంటకి అవమానం. కానీ ఆ వడ్డనని అమ్మప్రేమ అన్న ప్రతిసారీ దానికి కట్టాల్సిన కూలి ఎగ్గొడుతున్నాం. అది శ్రమ, నేర్పు, వ్యాపారం. అందులో ఆప్యాయత ఉంటే అది ఆమె ఇష్టం, మన హక్కు కాదు.

ఇప్పటికీ వెళ్తున్నాను. మారు వేయించుకుంటున్నాను. అయితే రెండు గంటల లోపే వెళ్తాను. మూడు దాటితే బడ్డీకొట్లో అరటిపళ్ళు కొనుక్కుంటాను.