భాగము అడుగుట పాపమా?

ఆస్తి విషయమై తోబుట్టువులలో తగవు పుట్టినప్పుడు, క్రైస్తవ పెద్దలు సాధారణముగా చెప్పు మాట ఒక్కటే: "పోనిమ్ము, సమాధానముగా ఉండుము." ఈ మాట ఎల్లప్పుడును నీతియుక్తమేనా?

వ్యాజ్యము కుటుంబమును ఎట్లు మ్రింగునో చార్లెస్ డికెన్స్ 1852-53లో వెలువరించిన "బ్లీక్ హౌస్" నవలలో చూపెను. జార్న్‌డైస్ వారి వారసత్వపు వ్యాజ్యము తరములు గడచినను తెగదు. దాని తీర్పును నమ్ముకొనిన రిచర్డ్ అను యువకుడు ఏ వృత్తిలోను నిలువక, తన మేలు కోరిన బంధువునే శత్రువుగా ఎంచును. తుదకు ఆస్తి యావత్తు కోర్టు ఖర్చులకే చెల్లిపోవును, అతడును మరణించును.

ఆ దశకములోనే అట్టి వివాదమొకటి, నాడు మద్రాసు రాజధానిలోను నేడు కర్ణాటకలోను ఉన్న బళ్ళారిలో, న్యాయస్థానమునకు ఎక్కెను. సారాయి వ్యాపారమువలన ధనవంతుడైన మాథ్యూ అబ్రాహాము అను దేశీయ క్రైస్తవుడు 1842లో వీలునామా వ్రాయకయే మరణించెను. తమది హిందూ ధర్మశాస్త్రము ననుసరించు అవిభక్త కుటుంబమని తమ్ముడు ఫ్రాన్సిస్ వాదించెను. ఆ శాస్త్రము తమకు వర్తింపదని మాథ్యూ భార్య షార్లెట్ వాదించెను. వ్యాజ్యము మద్రాసు మీదుగా లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. మతము మారినవాడు పాత ధర్మశాస్త్రమును విడువవచ్చును, నిలుపుకొనవచ్చును; కావున ఆ కుటుంబము వాస్తవముగా ఎట్లు జీవించెనో చూడవలెనని 1863లో ఆ న్యాయసభ నిర్ణయించి, అవిభక్త కుటుంబ వాదమును త్రోసివేసెను.

షార్లెట్ సమాధానము కొరకు మౌనముగా ఉండవలసినదా? సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి తమ స్వాస్థ్యమును అడిగిరి. వారు అడిగినది యుక్తమేయని దేవుడు సెలవిచ్చెను. అయితే సహోదరుడు తనకు భాగము పంచునట్లు చెప్పుమని ఒకడు ప్రభువును అడుగగా, ఆయన తీర్పరిగా ఉండుటకు ఒప్పుకొనక, లోభమును గూర్చి హెచ్చరించెను. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు కావు. ప్రభువు హెచ్చరించినది అడిగిన వానిని మాత్రమే కాదు, అక్కడ నున్న వారినందరిని. అడుగువానియందు లోభముండవచ్చును, ఇయ్యక బిగబట్టినవానియందును ఉండవచ్చును.

మన గృహములలో దాగియున్న లోభము తరచుగా ఈ రెండవదియే. కుమారుడు సూరతు మరమగ్గములయొద్ద బ్రతుకుతెరువు వెదకికొనగా, కుమార్తె స్వగ్రామములో వృద్ధులైన తల్లిదండ్రులకు పరిచర్య చేసియుండవచ్చును. వారు గతించిన పిమ్మట, "పెండ్లికి ఇచ్చితిమి గదా" అని చెప్పి, ఆమెచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయింతురు. ఆమె సంకోచించినయెడల ప్రేమను గూర్చిన వాక్యములు వినిపింతురు. వీలునామా లేక మరణించిన క్రైస్తవుని బిడ్డలలో కుమారుడని, కుమార్తెయని భారత వారసత్వ చట్టము భేదము చూపదు. చట్టము ఇచ్చినదానిని వాక్యము పేరట తీసికొనుట సమాధానము కాదు.

తన భాగమును మనఃపూర్వకముగా విడుచుట గొప్ప త్యాగమే. కాని త్యాగము చేయుమని ఎదుటివారికి బోధించి, దాని ఫలమును తాను అనుభవించువాడు త్యాగమును నేర్పుటలేదు. కాగితములు ఎవరి పెట్టెలో నున్నవో వారే మొదట లెక్క విప్పవలెను, అదియు సోదరి అడుగక మునుపే. అప్పుడు ఆమె విడిచినను, పుచ్చుకొనినను, అది ఆమె స్వేచ్ఛగా చేసిన పనియగును. ఆ యింటిలో ఇరువురును కలిసి ప్రార్థింపగలుగుదురు.