కోనేరు ఉన్నది, దించువారు లేరు

ధ్యాన భాగము: యోహాను సువార్త 5:1–9



యెరూషలేములో గొఱ్ఱెల ద్వారము దగ్గర బేతెస్ద అను కోనేరు ఉండెను. దానికి అయిదు మంటపములుండెను. నీళ్లకు కొదువ లేదు, నీడకు కొదువ లేదు. అయినను 38 ఏండ్లనుండి రోగియైన ఒక మనుష్యుడు ఆ నీటియొడ్డుననే పడియుండెను. ప్రభువు పలకరించినప్పుడు అతడు కోనేటిని తప్పుపట్టలేదు. తన్ను దించు మనిషి లేడనియు, తాను చేరులోపల కాళ్లాడువారు ముందుగా దిగిపోవుచున్నారనియు మొరపెట్టుకొనెను.

మన నందిగామ, జగ్గయ్యపేట తాలూకాలు మెరక సీమ, వరద మనకేమి అని చాలకాలము అనుకొంటిమి. 2024 ఆగస్టు నెలాఖరు వానలు ఆ ధీమాను అణచివేసినవి. ఐతవరము దగ్గర మున్నేటి నీరు పెద్ద రోడ్డుమీదికెక్కి హైదరాబాదు–విజయవాడ రాకపోకలు నిలిచిపోయినవి. గరికపాడు దగ్గర పాలేటి వంతెన దెబ్బతిన్నది. సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బరాజు దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు మించి పారెను.

అప్పుడు మన మందిరపు తలుపులు తెరచితిమి. పల్లపు వీధుల కుటుంబములు మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చినవి. అన్నము వండితిమి, ట్యాంకరు నీళ్లు తెప్పించితిమి, మందిరము వెనుక చింతచెట్టు అవతల తడకలు కట్టి మరుగుదొడ్లు ఏర్పరచితిమి. అంతయు చక్కగా చేసితిమని దేవుని స్తుతించితిమి.

మూడవనాడు ఒక ముసలి తల్లి కళ్లు తిరిగి పడిపోయెను. స్త్రీల సమాజమువారు చెంత కూర్చుండి అడుగగా సంగతి బయటపడెను. ఆమె రెండు దినములనుండి గుటకెడు నీళ్లతో గడుపుచుండెను. నీళ్లు త్రాగినయెడల రాత్రివేళ చీకటిలో, బురదలో, గడియలేని ఆ తడకలోనికి పోవలెను గదా! ఆమె ఒక్కతెయే కాదు. ఎదిగిన ఆడపిల్లలును, ఒక నిండు గర్భిణియు అట్లే చేయుచుండిరి. కాళ్లు చచ్చుబడిన ఒక సహోదరుడు ఎవరైన ఎత్తుకొనిపోవువరకు ఆపుకొని కూర్చుండెను.

ప్రియులారా, చోటు నిర్ణయించినవారము కాళ్లాడు మగవారము. ఆ తల్లిని మనలో ఎవరును అడుగలేదు. మన మందిరపు ఆవరణమే బేతెస్ద ఆయెను. ఈ తప్పు మనదే. ప్రభువు ఎదుట ఒప్పుకొందము.

ప్రాణములు దక్కినవి, అది చాలదా అని కొందరు అడుగవచ్చును. చాలదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలీయుల పాళెములో కాలకృత్యముల స్థలమును గూర్చియు, త్రవ్వుటకు పనిముట్టును గూర్చియు దేవుడే ఆజ్ఞ ఇచ్చెను. మనము సిగ్గుపడి మాటలాడని సంగతిని ఆయన ధర్మశాస్త్రములో వ్రాయించెను. మిద్యానులో నీళ్లు చేదుకొనవచ్చిన యాజకుని కుమార్తెలను కాపరులు తోలివేయగా, బావి ఉన్నది గదా అని మోషే ఊరకుండలేదు. లేచి వారికి తోడునిలిచెను. బావి ఉండుట వేరు, భయము లేక బావి చేరుట వేరు.

విపత్తులలో సేవచేయువారు ప్రపంచమంతట అనుసరించు స్ఫియర్ అను నియమావళి ఒకటి కలదు. దాని ప్రకారము మనిషికి దినమునకు కనీసము 15 లీటర్ల నీళ్లు కావలెను. 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండవలెను. మగవారికి ఒకటి ఉన్నయెడల స్త్రీలకు మూడు ఉండవలెను. అవి బసకు 50 మీటర్లకు మించి దూరముండరాదు. గుంట నీటి ఆధారమునకు 30 మీటర్లయినను ఎడముగా ఉండవలెను. ఈ లెక్కలు అనవసరమనుకొనకుడి. ఆ వరదకు ముందే, 2024 జూనులో, జగ్గయ్యపేట ప్రాంతములో అతిసారము ప్రబలి ప్రాణములు తీసిన సంగతి మనమెరుగుదుము.

కాబట్టి రాబోవు వానాకాలమునకు ముందే ప్రతి సంఘము ఈ పని చేయవలెను. మరుగుదొడ్డికి లోపలి గడియ, దారి పొడుగున దీపము, ముసలివారు పట్టుకొని నడచుటకు కట్టిన త్రాడు, కూర్చుండలేనివారికి నడుమ రంధ్రము చేసిన కుర్చీ, చేతులకు సబ్బు, స్త్రీలు గుడ్డలు ఉతికి ఆరవేసికొనుటకు చాటుగల స్థలము సిద్ధపరచుడి. త్రాగు నీళ్లు కళపెళ ఒక నిమిషము కాగనిచ్చి, మూతపెట్టి, పిడిగల గరిటెతో ముంచుడి. అన్నిటికంటె ముందు స్త్రీలను, ముసలివారిని, అంగవైకల్యముగలవారిని అడిగి చోటు ఏర్పరచుడి. ఇందులో ఖర్చు కొంచెమే. అడుగుటకు తగ్గింపు మనస్సు మాత్రము కావలెను.

ప్రభువు ఆ రోగిని కోనేటి దగ్గరకు రమ్మని పిలువలేదు. అందరి వెనుక పడియున్నవాని యొద్దకు తానే వెళ్లి, వాని కోరిక ఏమో అడిగెను. ఆయన సంఘము ఆయన నడచినట్లే నడువవలెను గదా!

ప్రార్థన: ప్రభువా, నీళ్లు పోసి తృప్తిపడిన మమ్మును క్షమించుము. నోరెత్తి అడుగలేనివారి దాహము మాకు కనుపరచుము. ఆమేన్.