ఇంట్లో మగ్గం, వీధిలో పడుగు

ఒక ఏటి ఒడ్డున నేతగాళ్ల వీధి ఒకటి ఉండేది. వీధికి రెండు వైపులా ఇళ్లు, ఇంటింటా ఒక గుంట మగ్గం. ఏటికి అవతల ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ వీధికి నూలంతా ఆయన దగ్గరి నుంచే వచ్చేది. అడిగినవాళ్లకు అడిగినంత ఇచ్చేవాడు, వెల కట్టేవాడు కాదు. ఒక్కటే కోరాడు. తన కొడుకు పెళ్లికి వచ్చేవాళ్లకు పెట్టడానికి బట్టలు కావాలి, అవి ఈ వీధిలో నేసినవే అయి ఉండాలి. ముహూర్తం ఎప్పుడో మాత్రం చెప్పలేదు. సమయానికి కబురు పంపుతానన్నాడు.

నేతపని సగం వీధిలో, సగం ఇంట్లో జరుగుతుంది. తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబుతాను. బట్టలో నిలువుగా ఉండేది పడుగు, అడ్డంగా నాడెతో వేసేది పేక. పడుగంటే వేల పోగులు, వీధి పొడుగునా సాగే పోగులు. పొద్దు పొడవకముందే దాన్ని వీధిలో కర్రల మీద బారుగా చాపి, తెగిన పోగులు వెతికి అతికి, బియ్యపు గంజి పట్టించి, ఇద్దరు చెరో కొస పట్టుకున్న పెద్ద కుంచెతో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా దువ్వాలి. ఎండ ఎక్కిందంటే గంజి ఉండలు కట్టి పోగూ పోగూ అంటుకుపోతాయి. అందుకే అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఒక్క ఇంటివాళ్ల వల్లా కాదు. ఇవాళ వీళ్ల పడుగుకు వాళ్లు, రేపు వాళ్ల పడుగుకు వీళ్లు. గంజి ఆరాక పడుగును చుట్టి, ఇంట్లోకి తీసుకుపోయి మగ్గానికి ఎక్కిస్తారు. అక్కడి నుంచి ఇక నేతగాడూ మగ్గమూ తప్ప మూడోవాళ్లు ఉండరు. గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నవాడి పక్కన ఇంకొకరికి చోటు ఉండదు.

ఆ వీధిలో ఎదురెదురు ఇళ్లలో ఇద్దరు నేతగాళ్లు ఉండేవారు.

మొదటివాడిది మంచి చెయ్యి. వాడికి మగ్గం అంటే ప్రాణం. వీధిలో అందరూ పడుగు చాపే వేళకే వాడు ముఖం కడుక్కుని గుంటలోకి దిగేవాడు. మొదట్లో పిలిస్తే వెళ్లేవాడు. తర్వాత సగం పని అయ్యాక వెళ్లేవాడు. ఆ తర్వాత తన బదులు కొడుకును పంపాడు. చివరికి అదీ మానేశాడు. వాడి కారణాలు వాడికి ఉన్నాయి. వీధిలో పని కన్నా మాటలెక్కువ. ఒకడు కోడలి మీద చాడీలు చెబుతాడు, ఒకడు పాత బాకీలు తవ్వుతాడు, ఇంకొకడికి కుంచె సమంగా పట్టుకోవడమే రాదు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ వీధి అలాగే ఉండేది.

రెండోవాడికి వీధే ఇల్లు. వాడు లేకుండా ఏ పడుగూ లేచేది కాదు. ఎవరింటి గంజి చిక్కగా ఉందో, ఎవరి బిడ్డకు జ్వరం తగిలిందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ముందుగా వాడికే తెలిసేది. గంజికుండ ఎవరు దించినా మోయడానికి వాడి చేతులు సిద్ధం. మధ్యాహ్నం వాడు గుంటలో కూర్చోబోయేసరికి వీధిలోంచి ఎవరో ఒకరు పిలిచేవారు. పిలవని రోజున వాడే గుమ్మంలోకి వచ్చి ఎవరైనా పిలుస్తారేమోనని చూసేవాడు. ఆ వీధిలో మంచివాడెవరని అడిగితే పసిపిల్లలు కూడా వాడి ఇంటి వైపే వేలు చూపేవారు.

వీధి చివర ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాక అందరికీ పేక నూలు కండెలకు చుట్టి పెడుతూ, తన మగ్గం తాను నేసుకుంటూ బతికేది. చూపు తగ్గింది. అయినా పొద్దున్నే వీధిలోకి వచ్చి, తెగిన పోగులను చేత్తో తడిమి పట్టుకుని అతికేది. గంజి ఆరగానే ఇంటికి వెళ్లి మగ్గంలో కూర్చునేది. ఆమె వచ్చిందని గానీ వెళ్లిందని గానీ ఎవరూ లెక్కపెట్టుకోలేదు.

ఇలా ఉండగా మొదటివాడు కొత్త పడుగు వేయవలసి వచ్చింది. ఎవరి పడుగుకూ తాను వెళ్లలేదు కనుక తన పడుగుకు రమ్మని పిలవడానికి వాడికి ముఖం చెల్లలేదు. పైగా ఈ గోల లేకుండా చేసుకోవచ్చుననుకున్నాడు. పెరట్లో పెళ్లాన్నీ కొడుకునూ చెరో వైపు నిలబెట్టాడు. పెరడు చాలక పడుగును మడతపెట్టి చాపారు. ఒక చివర గంజి పట్టించి రెండో చివరకు వచ్చేసరికి మొదటి చివర ఎండిపోయింది. కుంచె ఒకచోట నొక్కుకుంది, ఒకచోట అసలు ఆనలేదు. పైకి చూస్తే మాత్రం ఏ లోపమూ కనపడలేదు. వాడు దాన్ని మగ్గానికి ఎక్కించి తృప్తిగా కూర్చున్నాడు.

కొన్నాళ్లు బాగానే సాగింది. ఆ తర్వాత పడమటి గాలి మొదలైంది. గాలికి తేమ ఆరిపోయి పోగులు పుటుక్కున తెగసాగాయి. ఒకటి అతికితే రెండు తెగేవి. వాడు ఇంకా పెందలాడే లేచాడు. రాత్రి దీపం పెట్టుకుని కూర్చున్నాడు. తిండి కూడా గుంట దగ్గరికే తెప్పించుకున్నాడు. ఎంత ఎక్కువసేపు కూర్చుంటే అంత తక్కువ బట్ట దిగేది. నెలల తరబడి వాడు నేసింది తక్కువ, అతికింది ఎక్కువ. ఒకనాటి రాత్రి వాడికి ఒక అనుమానం వచ్చింది. ఏటి అవతలి పెద్దాయన అందరికీ మంచి నూలు ఇచ్చి, తనకు మాత్రం నాసిరకం ఇచ్చాడేమో. ఆ అనుమానం వచ్చాక మగ్గం మీద కూర్చోవడానికి కూడా వాడికి మనసు రాలేదు. అయినా కూర్చున్నాడు, అలవాటు కొద్దీ. నాకు వీడి మీదే కాస్త జాలి ఎక్కువ. కష్టపడుతూ చెడిపోయేవాడికి తాను చెడిపోతున్నట్టు తొందరగా తెలియదు.

రెండోవాడి పడుగుకు వీధంతా కదిలివచ్చింది. అంత మంచి పడుగు ఈ మధ్య చూడలేదని పెద్దవాళ్లు అన్నారు. ఒక్క పోగు అటూ ఇటూ లేదు. దాన్ని మగ్గానికి ఎక్కించి వాడు జానెడు నేశాడు. ఇంతలో ఎవరో పిలిచారు. మర్నాడు ఇంకెవరో పిలిచారు. వానలు పట్టాయి, గుంటలో నీరు ఊరింది, ఆ నెపంతో ఇంకొన్ని వారాలు గడిచాయి. గంజి అంటే బియ్యమే కదా, ఎలుకలకు ఆ వాసన చాలు. ఒకరోజు వాడు మగ్గం మీద కప్పిన గుడ్డ తీసి చూస్తే పడుగు నడిమికి కొరికేసి ఉంది. వాడు అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి లేచి, కష్టం వస్తే అందరూ చేసే పనే చేశాడు. నలుగురికీ చెప్పుకుందామని వీధిలోకి వచ్చాడు. కానీ చెప్పలేకపోయాడు. వాడి బట్ట ఈపాటికి సగం పైగా దిగి ఉంటుందని వీధిలో ప్రతి ఒక్కరూ అనుకుంటున్నారు. ఇన్నేళ్లు అందరి కష్టాలూ విన్నాడు, తన సంగతి ఒక్కరికీ చెప్పి ఎరగడు. అంతమంది మధ్య నవ్వుతూ నిలబడి, ఎవరిదో కుంచె అందుకుని దువ్వి, ఇంటికి వచ్చేశాడు.

అప్పుడు పెద్దాయన దగ్గరి నుంచి కబురు వచ్చింది. పంటలు ఇంటికి చేరగానే పెళ్లి.

ముసలామె కండెలు ఇవ్వడానికి మొదటివాడి ఇంటికి వెళ్లింది. అలవాటుగా పడుగు మీద చెయ్యి వేసింది. ఉండకట్టిన గంజి, గరుకు, అతుకుల మీద అతుకులు ఆమె వేళ్లకు తగిలాయి. అక్కడి నుంచి రెండోవాడి ఇంటికి వెళ్లింది. అక్కడా మగ్గం మీద చెయ్యి వేసింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. తన నూలు ఒకసారి వరదలో తడిసి పాడైందనీ, వెళ్లి చెబితే పెద్దాయన మళ్లీ ఇచ్చాడనీ మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ చెప్పి వెళ్లింది.

మర్నాడు తెల్లవారుజామున మొదటివాడు ఎవరి కంటా పడకుండా రేవుకు వెళ్లాడు. రెండోవాడు అప్పటికే పడవలో కూర్చుని ఉన్నాడు. దిగిపోవడానికి ఇద్దరికీ వీలు లేకపోయింది. ఏరు దాటేదాకా ఒకడు పైకి చూశాడు, ఇంకొకడు కిందకు చూశాడు.

పెద్దాయన ఇద్దరి మాటా విన్నాడు. పాత నూలు లెక్క అడగలేదు. ఇద్దరికీ వాళ్ల కళ్ల ముందే ఒకే మూట విప్పి నూలు చిలపలు ఇచ్చాడు. నాసిరకం నూలు సంగతి ఎత్తుదామని దారి పొడవునా మాటలు కూర్చుకున్న మొదటివాడు ఆ మూటను చూసి నోరు మూసుకున్నాడు. తిరుగు పడవలో దాచడానికి ఏమీ మిగలలేదు. ఒకరి ఒళ్లో ఉన్న నూలు ఇంకొకరికి కనపడుతూనే ఉంది. ముందు రెండోవాడే నోరు విప్పాడు, ఎలుకల సంగతి చెప్పాడు. మొదటివాడు పెరటి సంగతి చెప్పాడు. ఎదురెదురు ఇళ్లలో పుట్టి పెరిగిన ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు నిజం చెప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ వారం వీధిలో రెండు పడుగులు లేచాయి. మొదటివాడు ఎన్నో ఏళ్ల తర్వాత కుంచె కొస పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకున్నవాడికి కుంచె సమంగా పట్టడం ఇప్పటికీ రాదు. కాబట్టి మొదటివాడే వాడి అడుగుకు తన అడుగు కలిపాడు.

తర్వాత అతుకు పని వచ్చింది. పాత పడుగు ఆగిపోయినచోట మగ్గానికి మిగిలి ఉన్న పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి మెలితిప్పాలి. ఒకడు అందించాలి, ఒకడు మెలితిప్పాలి. ఇద్దరూ ముందు మొదటివాడి మగ్గం దగ్గర, ఆ తర్వాత రెండోవాడి మగ్గం దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. వేల పోగులు. తొలిరోజున రెండోవాడు బయట ఏ అలికిడి వినిపించినా లేవబోయాడు. లేస్తే చేతిలో పోగులు కలిసిపోతాయి కనుక కూర్చున్నాడు. మూడోరోజుకు బయటి అలికిడి వాడి చెవిని పడలేదు. కదలకుండా కూర్చోవడం వాడికి అలా అబ్బింది. మొదటివాడికేమో, ఎదుటివాడు అందించేదాకా ఊరుకోవడం అబ్బింది. రెంటిలో ఏది కష్టమో నేను చెప్పలేను.

ఆ తర్వాత వీధి మారిపోయిందని కాదు. చాడీలు అలాగే ఉన్నాయి, పాత బాకీలూ అలాగే ఉన్నాయి. రెండోవాడు గంజి ఆరగానే ఇంట్లోకి వెళ్లిపోతున్నాడనీ, పిలిస్తే గుంటలోంచే పలుకుతున్నాడనీ కొందరు నొచ్చుకున్నారు. మొదటివాడికి ఇప్పుడు వీధి గుర్తొచ్చిందా అని ఇంకొందరు ఎత్తిపొడిచారు. ఇద్దరూ ఆ మాటలు పడ్డారు.

మగ్గం మీద నేసేవాడికి తన ఎదుట ఉన్న కాస్త బట్టే కనపడుతుంది. నేసిందంతా ఎప్పటికప్పుడు ఒడి ముందున్న దోనెకు చుట్టుకుపోతుంది. అందుకని తామెంత నేశారో ఇద్దరికీ తెలియలేదు. కోతలయ్యాయి, మళ్లీ కబురు వచ్చింది, దోనెలు విప్పారు. వాళ్లు భయపడినదాని కన్నా బట్ట ఎక్కువే ఉంది. కొత్త పడుగు కలిసినచోట రెంటిలోనూ అడ్డంగా ఒక అతుకుల వరస కనపడింది. మొదటివాడు ఆ వరస లోపలికి పోయేలా మడత పెట్టాడు.

వీధివాళ్లంతా బట్టలు మూటగట్టుకుని ఏరు దాటారు. అప్పజెప్పి వెనక్కి రావాలనుకున్నారు. పెద్దాయన మూటలు విప్పించాడు. ఒక్కో బట్టా తీసి, దాన్ని నేసిన చేతుల్లోనే పెట్టి, కట్టుకుని పందిట్లోకి రమ్మన్నాడు. పెళ్లికి పిలిచింది వాళ్లనేనని అప్పుడు తెలిసింది. మొదటివాడి బట్ట మడత విప్పినప్పుడు అతుకుల వరస పైకి వచ్చింది. పెద్దాయన దాని మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసి వాడి భుజాన వేశాడు. ముసలామె అప్పటికే తన చీర కట్టుకుని, పందిట్లో పసిపిల్లల మధ్య కూర్చుని ఉంది.

నీతి: మగ్గం గుంట అంటే విశ్వాసి ఒంటరిగా వాక్యం దగ్గరా ప్రార్థనలోనూ దేవునితో గడిపే సహవాసం, వీధిలో పడుగు అంటే తోటి విశ్వాసులతో సహవాసం; యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయం ఈ రెంటినీ విడదీయకుండా చెబుతూ, వెలుగులో నడవడాన్నీ పాపం ఒప్పుకోవడాన్నీ వాటి పక్కనే పెట్టింది, తిరుగు పడవలో ఆ ఇద్దరూ చేసింది అదే. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో యెరూషలేము విశ్వాసులు బోధలోనూ సహవాసంలోనూ, రొట్టె విరవడంలోనూ ప్రార్థనలోనూ ఎడతెగక నిలిచారు, వాటిలో తమకు నచ్చినదాన్ని ఏరుకోలేదు. సంఘంలో లోపాలు చూసి ఇంట్లోనే బైబిలు చదువుకుంటానని ఆగిపోయినవారు వచ్చే ఆదివారం కూడికకు వెళ్లవలసి ఉంది, ఏ కూడికా తప్పనివారు రేపు పొద్దున తలుపు వేసుకుని మోకరించవలసి ఉంది.