ఇంటికి పంపిన తరువాత

మొన్న ఆదివారం పూజ ముగిసి గుడి బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఒక రైతు నన్ను ఆపాడు. "మాస్టారూ, ఆసుపత్రి మీద కేసు వేస్తే పాపమంటారా?" అని అడిగాడు.

మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిన మనిషి. భార్యకు ఉదయం చిన్న ఆపరేషన్ చేసి సాయంత్రం నాలుగింటికి ఇంటికి పంపారు. రాత్రికి కడుపు ఉబ్బింది. మత్తు దిగేటప్పుడు అలాగే ఉంటుందేమోనని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. వచ్చి సూది వేసి వెళ్ళాడు. తెల్లవారుజామున గుంటూరు తీసుకుపోతుండగా దారిలోనే ఆమె కన్నుమూసింది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. తప్పెవరిదో తేల్చటానికి నేను న్యాయాధికారిని కాను. కాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

కేసు అనగానే మన విచారణల్లో పెద్దలు ముఖం చిట్లిస్తారు. దేవుని చిత్తమంటారు. డాక్టరుగారు దేవుడితో సమానమంటారు. క్షమించి ఊరుకోమంటారు. క్షమించటమంటే ఏం జరిగిందో అడగకపోవటమని మనకు ఎవరు నేర్పారో తెలియదు. జరిగిందేమిటో తెలియకుండా దేనిని క్షమించాలి?

ఇది ఆ ఒక్క ఇంటి గోడు కాదు. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేసి ఇళ్ళకు పంపించారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు చనిపోయారు. ఆ తరువాతగాని మిగిలినవారిని పరీక్షించి హైదరాబాదు పెద్దాసుపత్రులలో చేర్చటం జరగలేదు. చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున ప్రభుత్వం ప్రకటించింది.

ఈ ఆపరేషన్ విషయంలో శ్రీసభ బోధన ఏమిటో పాఠకులకు తెలుసు. దానిని మరచి రాయటం లేదు. అయితే ఆ బల్లమీద పడుకున్న తల్లి ప్రాణం విలువ ఆ బోధన వల్ల తగ్గదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో వందకు దాదాపు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. మన గుళ్ళలో మోకరించే వారిలో వీరెవరూ లేరనుకోవటం మనల్ని మనం మోసం చేసుకోవటమే.

ఈ ఆపరేషన్లకు కేంద్ర ప్రభుత్వం నియమాలు రాసిపెట్టింది. ఆపరేషన్ తరువాత కనీసం 4 గంటలు ఉంచాలి. నాడి, బి.పి. నిలకడగా ఉండాలి. మనిషికి పూర్తిగా తెలివి రావాలి, మూత్రం పోయాలి, నడవగలగాలి, తాగగలగాలి, మాట్లాడగలగాలి. డాక్టరు స్వయంగా చూసిన తరువాతే, బాధ్యత తెలిసిన పెద్దమనిషిని తోడిచ్చి పంపాలి. అవసరమైతే ఆ రాత్రి అక్కడే ఉంచాలి. 48 గంటల లోపల మళ్ళీ ఒకరు చూడాలి. వీటిలో ఒక్కదానికైనా ఖరీదైన యంత్రం కావాలా? కావలసింది ఒక మనిషి, కొంచెం సమయం. బల్లమీదికి ఒకరి తరువాత ఒకరిని ఎక్కిస్తున్నప్పుడు ముందుగా కరవయ్యేవి ఈ రెండే.

మంచి సమరీయుని కథలో ఒక సంగతిని మనం గమనించకుండా దాటిపోతుంటాం. అతడు గాయాలు కట్టి వెళ్ళిపోలేదు. సత్రానికి చేర్చి, ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మరునాడు సత్రంవాడికి డబ్బిచ్చి అప్పగించాడు, మళ్ళీ వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు.

మన వైపు తప్పు లేదా అంటే ఉంది. మిరప కోతల్లోనో పత్తి తీతల్లోనో అయితే "కూలీలు చేలో ఉన్నారు, ఇవాళే పంపేయండమ్మా" అని నర్సమ్మను బతిమాలేది మనమే. ఒక రోజు కూలి పోతుందని నొప్పి దాచుకునే ఆడవాళ్ళను చూస్తూనే ఉన్నాం. అలాంటప్పుడు డాక్టరు ఒక్కడినే నిందించటం న్యాయం కాదు. కాని కనిపెట్టి చూసే పనిని ఇంటివాళ్ళకు అప్పగించేటప్పుడు దేనిని కనిపెట్టాలో చెప్పాలి కదా? కడుపు గట్టిపడితే, జ్వరం వస్తే, మూత్రం రాకపోతే ఏ వేళప్పుడైనా ఫలానా నంబరుకు ఫోను చేయండి అని తెలుగులో చెప్పటానికి ఎంతసేపు పడుతుంది? ఇంగ్లీషు చీటీ చేతిలో పెట్టి పంపితే బాధ్యత దిగిపోయిందనుకోవటం నా దృష్టిలో అన్యాయమే. అడగవలసింది అక్కడే.

అడగటానికి చట్టం దారి చూపింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995 నవంబరు 13న తీర్పు చెప్పింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసేచోట మాత్రం ఆ తలుపు మూసే ఉంచింది. అంటే డబ్బులేక సర్కారు ఆసుపత్రికి వెళ్ళిన పేదరాలు సివిల్ కోర్టు మెట్లు ఎక్కవలసిందే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచిత రోగికి కూడా హక్కు ఉందని అదే తీర్పు చెప్పింది. మన మఠకన్యలు నడిపే ఆసుపత్రులలో ఇలా రెండు రకాల రోగులనూ చూసేవారు ఈ మాట గుర్తుంచుకోవటం మంచిది.

డాక్టర్లకూ రక్షణ ఉంది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప వారిపై క్రిమినల్ కేసు నడపరాదని, ముందుగా మరొక డాక్టరు నిష్పక్షపాతమైన అభిప్రాయం తీసుకోవాలని 2005లో సుప్రీంకోర్టు అన్నది. అది సబబే. చేయిపెడితే జైలు అనుకుంటే పల్లెటూరి రోగిని ఎవరూ ముట్టుకోరు.

ఆ రైతుతో ఇదంతా చెప్పలేదు. పాపం కాదని మాత్రం చెప్పాను. ముందు కేసుషీటు నకలు అడగమన్నాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. రెండుసార్లు తిప్పించుకుని ఇచ్చారట. నిన్న తెచ్చి చూపించాడు. ఆపరేషన్ అయ్యాక బి.పి. ఒక్కసారి రాశారు. కింది గళ్ళన్నీ ఖాళీ. "చూడలేదా మాస్టారూ, చూసి రాయలేదా?" అన్నాడు. నేనేం చెప్పగలను? కోతలయ్యాక ఒంగోలు వెళ్ళి వకీలును కలుస్తానన్నాడు. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళేనని, ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోమని చెప్పి పంపాను.